ఆదివారం తెలుగు బడిలో చెప్పేవాళ్లు విదేశీ భాషా ఉపాధ్యాయుల సంఘంలో చేరవచ్చా?

పలకాబలపం (ఎడిసన్, న్యూజెర్సీ)

అందరికీ నమస్కారం. ఏడేళ్లుగా ఇక్కడ ఒక తెలుగు బడిలో ప్రతి ఆదివారం పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. జీతం లేని పని, ఇష్టపడి చేస్తున్న పని. వారంలో మిగతా రోజులు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. మాది తెనాలి. చదివింది కెమిస్ట్రీ. భాష ఎలా నేర్పాలో నాకు ఎవరూ చెప్పలేదు. మా అమ్మ నాకు ఎలా నేర్పిందో అలాగే అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు, ఆ తర్వాత చిన్న చిన్న మాటలు, పద్యాలు అంటూ నడిపిస్తున్నాను.

మొన్న మే నెలలో జరిగిన సంగతి చెబుతాను. వార్షికోత్సవంలో మా తరగతి పిల్లవాడు, పదేళ్లవాడు, ఒక శతక పద్యం అప్పజెప్పాడు. ఆగవలసిన చోట ఆగాడు, ఒత్తులన్నీ పలికాడు, ఒక్క అక్షరం పోలేదు. బాపట్ల నుంచి వచ్చిన వాళ్ల నాయనమ్మ ముందు వరసలో కూర్చున్నారు. కార్యక్రమం అయ్యాక వాణ్ని దగ్గరకు తీసుకుని, "ఎంత బాగా చెప్పావు నాన్నా! ఇందులో నీకు ఏ మాట నచ్చింది?" అని అడిగారు. వాడు ఆవిడ వంక చూశాడు. వాళ్లమ్మ వంక చూశాడు. చివరికి నా వంక చూశాడు. ప్రశ్న అర్థమైందని ముఖం చూస్తేనే తెలుస్తోంది. జవాబు కూడా వాడి దగ్గర ఉంది. దాన్ని తెలుగులో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఆవిడే సర్దుకుని, "పోనీలే, అలసిపోయినట్టున్నాడు" అని తల నిమిరారు. ఆ పిల్లవాడు నాలుగేళ్లుగా నా దగ్గరే చదువుతున్నాడు. ఆ చూపు నన్ను ఇంకా వదలడం లేదు.

మా ఆఫీసులో ఒకావిడ భర్త హైస్కూల్లో ఇటాలియన్ చెబుతారు. విదేశీ భాషలు చెప్పేవాళ్లకు దాదాపు ప్రతి రాష్ట్రంలో ఒక సంఘం ఉంటుందని, దేశం మొత్తానికి యాక్ట్‌ఫుల్ అనే పెద్ద సంఘం ఉందని ఆయన ద్వారా తెలిసింది. బీఈడీ లేని, ఏ బడిలోనూ ఉద్యోగి కాని నాలాంటివాళ్లను చేర్చుకుంటారా? స్పానిష్, ఫ్రెంచ్ చెప్పేవాళ్ల మధ్య కూర్చుంటే తెలుగు టీచరుకు పనికొచ్చేది ఏమైనా దొరుకుతుందా? ఎవరైనా చేరి ఉంటే, అక్కడ నేర్చుకున్నది ఒక్కటైనా సరే, తరగతి గదిలో ఎలా వాడారో వివరంగా రాయండి. నాకు ఏడాదికి 30 ఆదివారాలు, వారానికి రెండు గంటలు దొరుకుతాయి. అంటే మొత్తం 60 గంటలే. వాటిని ఇక ఊరికే పోనివ్వదలచుకోలేదు.

తార్నాక నుంచి టెక్సస్ (డాలస్ దగ్గర)

పలకాబలపం గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నేను హైదరాబాదులో సీఫెల్‌లో ఫ్రెంచ్ చదివాను, ఇప్పుడు ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ అంటున్నది అదే. ఇక్కడ ఒక ప్రభుత్వ హైస్కూల్లో 11 ఏళ్లుగా ఫ్రెంచ్ చెబుతున్నాను. టెక్సస్ రాష్ట్ర సంఘంలోనూ, యాక్ట్‌ఫుల్‌లోనూ సభ్యురాలిని.

మొదటి ప్రశ్నకు జవాబు: చేర్చుకుంటారు. బీఈడీ అడగరు. భాష నేర్పడం మీద ఆసక్తి ఉండి, చందా కడితే చాలు. నా సలహా మాత్రం, ముందు మీ న్యూజెర్సీ సంఘంలో చేరండి. చందా తక్కువ, కారులో వెళ్లి రావచ్చు, పరిచయాలు నిలుస్తాయి. జాతీయ సంఘం సంగతి మరుసటి ఏడాది చూసుకోవచ్చు.

యాక్ట్‌ఫుల్ 1967లో మొదలైంది. అమెరికాలో సాహిత్య, భాషా ఆచార్యుల సంఘం ఒకటి ఉంది, మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్ అంటారు. దానిలోంచే, బడుల్లో భాషలు చెప్పేవాళ్ల కోసం పుట్టింది. ఈ సంఘం చేసిన పెద్ద పని 1986లో ప్రకటించిన స్థాయిల వివరణ. అంతకుముందు పిల్లలకు ఏం తెలుసు అని చూసేవారు. ఎన్ని మాటలు తెలుసు, ఏ క్రియారూపాలు తెలుసు అన్నదే లెక్క. ఈ వివరణ అడిగింది వేరు: ఆ భాషతో వాళ్లు ఏ పని చేయగలరు?

ఆ స్థాయిలు మీ పిల్లవాడికి ఎలా వర్తిస్తాయో చెబుతాను. అట్టడుగున నోవిస్. అక్కడ ఉన్నవాళ్లు కంఠస్థం చేసిన మాటలు, పట్టికలు, అలవాటైన ముక్కలు చెప్పగలరు. దాని పైన ఇంటర్మీడియట్. అక్కడ సొంతంగా వాక్యం కూర్చుకుంటారు, చిన్న ప్రశ్న వేస్తారు, జవాబు చెబుతారు. ఆ పైన అడ్వాన్స్‌డ్. జరిగింది, జరుగుతున్నది, జరగబోయేది వరసగా ఒక పేరాలా చెప్పగలగాలి. ఇంకా పైన సుపీరియర్, డిస్టింగ్విష్డ్ ఉన్నాయి, వాటి గురించి మనం ఇప్పుడు ఆలోచించక్కరలేదు. మీ పిల్లవాడు చెప్పిన పద్యం ఎంత నిర్దోషంగా ఉన్నా కంఠస్థమే. వాళ్ల నాయనమ్మ అడిగింది ఇంటర్మీడియట్ ప్రశ్న. నాలుగేళ్లుగా మీరు వాడికి ఆ ప్రశ్న వేయలేదు, అంతే. వాడి తప్పూ కాదు, మీ శ్రద్ధలో లోపమూ కాదు.

60 గంటలన్నారు కదా. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్య ఉద్యోగులకు భాషలు నేర్పే సంస్థ ఒకటి నడుపుతుంది. వాళ్ల లెక్కలో తెలుగుకు 44 వారాలు, 1100 గంటల తరగతులు. మీ వేగంతో అది 18 ఏళ్లు! భయపడకండి. ఆ ఉద్యోగులు సున్నా దగ్గర మొదలుపెడతారు. మీ పిల్లలకు చెవి నిండా తెలుగు ఉంది, నోటికే రాలేదు. ఇలా ఇంట్లో భాష విని పెరిగినవాళ్లను ఇక్కడ హెరిటేజ్ లెర్నర్లు అంటారు, వాళ్లకు చెప్పే పద్ధతి వేరు. యాక్ట్‌ఫుల్‌లో దీనికోసమే ఒక ప్రత్యేక బృందం ఉంది.

స్పానిష్ టీచర్ల మధ్య మనకేం దొరుకుతుంది అన్నారు. నాకు దొరికింది చెబుతాను. మా సంఘంలో ఒక స్పానిష్ టీచరు "మె గుస్తా" ఎలా చెబుతుందో చూశాను. దానికి అర్థం "నాకు నచ్చుతుంది". ఇంగ్లీషు పిల్లలు "నేను"తో మొదలుపెట్టి తప్పుతారు. మన పిల్లలదీ సరిగ్గా ఇదే ఇబ్బంది. "నేను ఆకలిగా ఉన్నాను", "నేను ఇది ఇష్టం" అంటారు. ఆవిడ వ్యాకరణం చెప్పదు. బల్ల మీద పది వస్తువులు పెట్టి, ఒక్కొక్కటి చూపిస్తూ నచ్చిందా, నచ్చలేదా అని పది నిమిషాలు అడుగుతూనే ఉంటుంది. నేను వేసవిలో మా అక్క పిల్లలతో ఇదే చేశాను. ఆవకాయ, బెల్లం, కాకరకాయ వేపుడు, చాక్లెట్, నిమ్మకాయ. "నీకు నచ్చిందా?" "నాకు నచ్చలేదు." "మరి చెల్లికి?" "చెల్లికి నచ్చింది." అయిదో వస్తువు దగ్గరకు వచ్చేసరికి "కు" తనంతట తనే వచ్చేసింది.

రెండోది బొమ్మల జత. ఒకే ఇంటి వాకిలి బొమ్మ రెండు కాగితాల మీద ఉంటుంది, ఏడెనిమిది తేడాలు ఉంటాయి. ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా కూర్చుంటారు, మధ్యలో ఒక పుస్తకం నిలబెట్టాలి. ఒకరి కాగితం ఒకరు చూడకూడదు. "మీ బొమ్మలో పిల్లి ఉందా?" "ఉంది. గోడ మీద ఉంది." "నా బొమ్మలో గోడ పక్కన ఉంది." ఉంది, లేదు, మీద, కింద, పక్కన, లోపల. ఈ ఆరు మాటలతో అరగంట గడుస్తుంది. అవతలివాళ్ల దగ్గర ఏముందో నిజంగా తెలియదు కాబట్టి, అడిగే ప్రతి ప్రశ్నా నిజమైన ప్రశ్నే అవుతుంది. టీచరుకు ముందే తెలిసిన జవాబు చెప్పడం కాదు.

ఇంకొక మాట. తరగతిలో 90 శాతం సమయం నేర్పే భాషలోనే మాట్లాడాలని యాక్ట్‌ఫుల్ సిఫారసు. మీ తరగతిని ఒకసారి ఫోనులో రికార్డు చేసుకుని వినండి. నేను నా ఫ్రెంచ్ తరగతిని అలా విన్న రోజు చాలా బాధపడ్డాను.

ఒక విషయం దాచకూడదు. జాతీయ సదస్సుకు వేలమంది వస్తారు, పుస్తకాల దుకాణాలే పెద్ద హాలు నిండా ఉంటాయి. తెలుగు పేరుతో ఒక్క బల్ల కూడా నేను చూడలేదు. ఫ్రెంచ్ టీచర్లకు 1927 నుంచి, జర్మన్ వాళ్లకు 1926 నుంచి సొంత జాతీయ సంఘాలున్నాయి. మనకు దగ్గరగా ఉండేవి దక్షిణాసియా భాషల టీచర్ల సంఘం సాల్టా, తక్కువగా బోధించే భాషల కోసం 1990లో ఏర్పడిన జాతీయ మండలి. వాటినీ ఒక కంట చూస్తూ ఉండండి.

కృష్ణలంక మాస్టారు (విజయవాడ)

అమ్మా, నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో 34 సంవత్సరాలు తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ని. టెక్సస్ అమ్మాయి చెప్పినదంతా శ్రద్ధగా చదివాను. పద్ధతులు బాగున్నాయి. ఒక్క విషయంలో నేను ఒప్పుకోలేను. పద్యాన్ని అట్టడుగు మెట్టు మీద పెట్టడం న్యాయం కాదు. ఎనిమిదేళ్లప్పుడు అర్థం తెలియకుండా పట్టిన పద్యం ముప్ఫయ్యేళ్లకు ఒక రోజు తనంతట తాను విచ్చుకుంటుంది. నా విద్యార్థులు ఎంతోమంది ఆ మాట నాతో చెప్పారు. ఏ పరీక్షా దాన్ని కొలవలేదు. పద్యం మానకండి. పద్యంతో ఆపకండి కూడా. ఆ నాయనమ్మగారి ప్రశ్న మీరే తరగతిలో ముందుగా వేసి ఉంటే సరిపోయేది.

సంఘం గురించి అడిగారు. పరాయి భాష నేర్పడమూ, అందుకు ఉపాధ్యాయులు ఒక్కటి కావడమూ మనకు కొత్త కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉండి, పొరుగునే ఉన్న సవరల భాష పట్టుబట్టి నేర్చుకున్నారు. వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. ఎదుటి మనిషి నోటి నుంచి వచ్చే మాటే భాష అని అక్కడ తెలుసుకున్న మనిషి కనుకనే, తెలుగు పిల్లలకు కూడా వాడుక భాషలో చెప్పాలని జీవితమంతా పోరాడారు. 1919లో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులు, గిడుగువారు కార్యదర్శి. అదే సంవత్సరం 'తెలుగు' అనే పత్రిక కూడా పెట్టారు. ఒక్కడే అరిస్తే వినని పండితులు, నలుగురు కలిసి చెబితే జవాబైనా ఇవ్వవలసి వచ్చింది.

అందుచేత చేరండి. అక్కడివాళ్ల దగ్గర నేర్చుకోండి. మీరు చేరిన రోజు నుంచి ఆ సంఘంలో తెలుగు కూడా ఒక భాష అవుతుంది.

జర్మన్ టీచర్ (హైదరాబాద్)

చిన్న అనుభవం నాదీ. హైదరాబాదులో తొమ్మిదేళ్లుగా జర్మన్ చెబుతున్నాను. మాకు అంతర్జాతీయ జర్మన్ ఉపాధ్యాయుల సమాఖ్య ఉంది, 1968లో ఏర్పడింది. మామూలుగా నాలుగేళ్లకొకసారి పెద్ద సదస్సు జరుగుతుంది. 2022లో వియన్నాలో జరిగితే, తర్వాతది మూడేళ్లకే 2025లో ల్యూబెక్‌లో జరిగింది. నేను వెళ్లలేకపోయాను. కానీ సంఘం వల్ల నాకు దొరికింది సదస్సులు కావు, ఇతర టీచర్ల పాఠాలు. ఒకరు తయారుచేసిన పాఠం పదిమంది వాడతారు, ఏది పని చేసిందో, ఏది చేయలేదో రాస్తారు. ఒంటరిగా ఉంటే నాకు ఒక మంచి పాఠానికి ఒక ఆదివారం మొత్తం పట్టేది.

ఒక జాగ్రత్త చెబుతాను. మాకు యూరప్ వాళ్ల ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లు. నా దగ్గరకు వచ్చేవాళ్లలో జర్మనీ వెళ్లే నర్సులు చాలామంది. వాళ్లకు ఆ మెట్టు వీసాతో, ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది కాబట్టి పరీక్షలో వచ్చేదే నేర్చుకుంటామంటారు. వాళ్లను తప్పుపట్టలేను. రాత్రి డ్యూటీలో ఒక ముసలాయన నొప్పి ఎక్కడుందో గొణుగుతూ చెబితే అర్థం చేసుకోవడం ఆ నమూనా ప్రశ్నల్లో ఉండదు, దాని కోసం నేను వేరుగా సమయం తీస్తాను. మీ పిల్లలకు అలాంటి ఒత్తిడి లేదు. మెట్లను మీకు దారి చూపడానికి వాడుకోండి, పిల్లలకు మార్కులుగా చెప్పకండి.

తార్నాక నుంచి టెక్సస్ (డాలస్ దగ్గర)

మాస్టారూ, మీ మాట తల మీద పెట్టుకుంటాను. పద్యం తీసేయమని నా ఉద్దేశం కాదు, నేనే సరిగ్గా చెప్పలేకపోయాను. పద్యం చెప్పగానే "నీకు ఏ మాట నచ్చింది?" అని అడిగితే రెండూ కలుస్తాయి.

జర్మన్ టీచర్ గారు చెప్పినదానికి ఒక్కటి చేరుస్తాను. ఇక్కడ పెద్ద పిల్లలకు సీల్ ఆఫ్ బైలిటరసీ అనే గుర్తింపు ఉంది. 2011లో కాలిఫోర్నియా మొదలుపెట్టింది, తర్వాత మిగతా రాష్ట్రాలకు పాకింది. ఇంగ్లీషుతో పాటు ఇంకొక భాషలో నిర్ణీత స్థాయి చూపిస్తే హైస్కూలు డిప్లొమా మీద ముద్ర వేస్తారు. న్యూజెర్సీలో ఇంటర్మీడియట్ మిడ్ స్థాయి, అంటే నేను చెప్పిన ఇంటర్మీడియట్‌లో నడిమి మెట్టు, చాలు. తెలుగుకు కూడా పరీక్ష ఉంది. మీ స్కూలు జిల్లా ఏ పరీక్షను ఒప్పుకుంటుందో కౌన్సిలర్‌ను అడిగి తెలుసుకోండి. పెద్ద తరగతుల పిల్లలు తెలుగు మానేసే వయసులో ఇది వాళ్లను నిలబెడుతుంది, మా ఊళ్లో చూశాను.

పలకాబలపం (ఎడిసన్, న్యూజెర్సీ)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇన్ని నెలలు ఆగి ఎందుకు రాస్తున్నానంటే, చేసి చూశాకే రాయాలనుకున్నాను.

రాష్ట్ర సంఘంలో చేరాను. ఒక శనివారం వర్క్‌షాప్‌కు వెళ్లాను. నమోదు బల్ల దగ్గర మెడలో వేసుకునే కార్డు మీద పేరు, భాష రాయమన్నారు. "తెలుగు" అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, దాని కింద మన లిపిలో కూడా రాశాను. నా ఒక పక్క పోలిష్ వారాంతపు బడి టీచరు, ఇంకొక పక్క కొరియన్ బడి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. ఆవిడ కూడా 15 ఏళ్లుగా జీతం లేకుండా చెబుతున్నారట. వాళ్లమ్మాయి కూడా ఫోనులో అమ్మమ్మతో మాట్లాడడానికి సిగ్గుపడేదని చెప్పారు. ఇంతదూరం వచ్చి మా ఇంటి మాటే విన్నట్టయింది నాకు.

మధ్యాహ్నం ఆ పెద్దావిడే ముందుకు వెళ్లి మా అందరికీ 20 నిమిషాలు కొరియన్ పాఠం చెప్పారు. ఒక్క ఇంగ్లీషు మాట లేదు. బుట్టలోంచి ఆపిల్ తీసి "సాగ్వా" అన్నారు. బుట్ట చూపించి "సాగ్వా ఇస్సొయొ", ఆపిల్ దాచేసి ఖాళీ బుట్ట చూపించి "సాగ్వా ఒప్సొయొ". ఆపిల్ ఉంది, ఆపిల్ లేదు. మనలాగే క్రియ చివర వస్తోంది! నాకు అర్థమైంది. ఇంతలో నా వైపు తిరిగి బుట్ట చూపిస్తూ ప్రశ్న వేశారు. జవాబు తెలుసు. నోరు తెరిచాను, మాట రాలేదు. ఆ క్షణంలో మా పిల్లవాడు నా వంక ఎందుకు అలా చూశాడో నాకు తెలిసింది. ఆవిడ తొందరపెట్టలేదు. బుట్ట ఇంకొంచెం దగ్గరకు జరిపి, నవ్వుతూ నిలబడ్డారు. మనసులో అయిదు లెక్కపెట్టేంత సేపు. "ఒప్సొయొ" అన్నాను.

అప్పటి నుంచి ప్రశ్న వేశాక నేనూ అయిదు లెక్కపెడుతున్నాను. అంతకుముందు ఒకటి కూడా పూర్తికాకుండా నేనే జవాబు చెప్పేసేదాన్ని, రికార్డు వింటే బయటపడింది.

బొమ్మల జతలు వేయడం మొదలుపెట్టాను. మా చెల్లెలు బొమ్మలు బాగా వేస్తుంది, తెనాలి నుంచి పంపుతోంది. వాకిలి, కూరగాయల బజారు, బస్సు స్టాండు, సంక్రాంతి ముగ్గులు. సంక్రాంతి బొమ్మ ఇచ్చిన రోజు మా పిల్లవాడు తన జత అమ్మాయిని "హరిదాసు తల మీద ఏముంది?" అని అడిగాడు. ఆ అమ్మాయికి ఆ పేరు తెలియదు. కాసేపు ఆలోచించి, "గిన్నె... కాదు, పెద్ద గిన్నె, పసుపు రంగు, బియ్యం వేస్తారు" అంది. నాలుగు ముక్కలు, అన్నీ తెలుగులోనే, సొంతంగా కూర్చుకున్నవి. నేను నోరు విప్పకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాను.

ఆ వారం వాడు ఒక కాగితం ఇంటికి తీసుకువెళ్లాడు, రెండోదాన్ని వాళ్లమ్మ వాట్సాప్‌లో బాపట్ల పంపారు. నాయనమ్మగారు అక్కడ ప్రింటు తీయించుకుని, కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నారట. ఇద్దరూ వీడియో కాల్‌లో ఆడారు. ఎనిమిది తేడాల్లో ఏడు దొరికాయి. ఎనిమిదోది హరిదాసు పాత్రే, ఒక బొమ్మలో దానికి పూలదండ చుట్టి ఉంటుంది. వాడు "మీ బొమ్మలో పెద్ద గిన్నెకు పువ్వులు ఉన్నాయా నాయనమ్మా?" అని అడిగితే, "దాన్ని అక్షయపాత్ర అంటారు నాన్నా. నా బొమ్మలో పువ్వులు లేవు" అన్నారట. మరుసటి ఆదివారం తరగతిలో అందరికీ ఆ మాట చెప్పింది వాడే.

మాస్టారూ, పద్యాలు మానలేదు. ప్రతి పద్యం తర్వాత ఆ ప్రశ్న వేస్తున్నాను.

ఇప్పటికి 12 జతలు తయారయ్యాయి. ఎవరికి కావాలన్నా ఇక్కడ అడగండి, పంపుతాను. వాడాక పిల్లలు ఎక్కడ తడబడ్డారో రాస్తే మా చెల్లెలు బొమ్మలు మార్చి వేస్తుంది. పెళ్లి ఇంటి బొమ్మ ఇప్పుడు గీస్తోంది. తెలంగాణ వైపు పెళ్లి వాకిట్లో తప్పకుండా కనిపించేవి ఏమిటో ఎవరైనా చెబితే, రెండో కాగితంలో అవి పెట్టించాలని ఉంది.